పెనుకొండ: స్థానిక చరిత్ర, వారసత్వ పరిరక్షణ

పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోని కోట పట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. అనంతపురానికి దక్షిణంగా దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి పక్కన, దాదాపు 3,000 అడుగుల ఎత్తున్న కొండ పాదంలో ఊరు ఉంది. సంస్కృత రచనల్లో దీని పేరు ఘనగిరి. విజయనగర రాజ్యం పుట్టిన తొలి దశాబ్దాల నుంచి ఇది ముఖ్య దుర్గం. 1565లో హంపీ పతనమైన తరువాత రాజ్యానికి రాజధాని అయింది. రోజుకొక గుడి చొప్పున 365 గుళ్లు ఉండేవని ఊళ్లో చెప్పుకుంటారు. లెక్క సంగతి ఎలా ఉన్నా, వీధి వీధికీ ఒక పాత రాతికట్టడం కనిపించే ఊరు ఇది.

ఇక్కడి వారసత్వాన్ని గురించి రాసినవారు ఎక్కువగా కోట, మహలు, గుళ్ల దగ్గరే ఆగిపోయారు. వాన తక్కువ పడే ఈ పీఠభూమిలో ఒక రాజధాని నిలవడానికి ఆధారమైన చెరువులు, కాలువలు, తూములు, కోనేర్లు కూడా అంతే ముఖ్యమైన చారిత్రక కట్టడాలు. వాటిని పక్కన పెట్టి రాసిన పెనుకొండ చరిత్ర సగం చరిత్రే.

నేల, నీరు

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వాన నీడలో ఉంది. నైరుతి మేఘాలు కనుమల అవతలే కురిసి తేలికపడతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుగా వాన పడుతుంది. అదీ కొద్దిరోజుల్లోనే, ఒక్కో చోట దంచి కొట్టి పోతుంది. ఎర్రనేలల్లో వేరుశనగ, కొర్ర, కంది వేస్తారు. బోరులో నీళ్లున్నవాళ్లు చీనీ, ద్రాక్ష, దానిమ్మ తోటలు పెడతారు. పెన్న, చిత్రావతి, జయమంగళి ఏళ్లలో ఏడాదిలో చాలాకాలం ఇసుకే కనిపిస్తుంది.

ఇలాంటి నేలలో ఊరు కట్టాలంటే ముందు చెరువు కట్టాలి. ఈ ప్రాంతంలో ఊళ్ల పేర్లే దీనికి సాక్ష్యం. బుక్కరాయసముద్రం, అనంతసాగరం, బుక్కపట్నం, శింగనమలలోని శ్రీరంగరాయల చెరువు, అన్నీ విజయనగర రాజుల పేర్లనో, వారి కుటుంబాలు, మంత్రుల పేర్లనో మోస్తున్నాయి. అనంతపురం పట్టణమే 14వ శతాబ్దిలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు కట్టించిన చెరువు వెంట పుట్టిందని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ చెరువుకట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణత్యాగం చేసిన కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ పేరుతో కావ్యం చేశారు.

కోట కథ

కొండ ఉత్తరపు వాకిలి దగ్గరున్న శాసనం శక సంవత్సరం 1276, అంటే క్రీ.శ. 1354 నాటిది. మొదటి బుక్కరాయలు తన కొడుకు విరుపణ్ణ ఒడెయరుకు పెనుకొండ రాజ్యాన్ని అప్పగించినట్టు, మంత్రి అనంతరసు కాలంలో కోటపని జరిగినట్టు దాని వల్ల తెలుస్తుంది. ఆ తరువాత రెండు శతాబ్దాలు యువరాజులు, దండనాయకులు ఇక్కడి నుంచి చుట్టుపక్కల సీమను ఏలారు. కృష్ణదేవరాయలు తరచూ ఇక్కడ విడిది చేసేవాడని ప్రతీతి. ఆయన మంత్రి తిమ్మరుసు చివరి రోజులు ఈ కోటలోనే బందీగా గడిచాయని నమ్ముతూ, ఊళ్లో ఒక మంటపాన్ని ఆయన సమాధిగా చూపిస్తారు.

1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధంలో అళియ రామరాయలు హతుడయ్యాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీ ఖజానాను తరలించుకుని పెనుకొండ చేరాడు. 550 ఏనుగుల మీద ధనం తరలిందని రాబర్ట్ స్యూయెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. అరవీటి వంశానికి ఇది మొదటి రాజధాని. రామరాజభూషణుడి ‘వసుచరిత్రము’ ఈ తిరుమలరాయలకే అంకితం. తెలుగు సాహిత్య చరిత్రలో పెనుకొండకు దక్కిన స్థానం అది. తరువాత శ్రీరంగరాయలు, ఆయన తమ్ముడు వేంకటపతిరాయలు ఏలారు. బిజాపూరు, గోల్కొండ సేనలు ఒకదాని వెనుక ఒకటి ముట్టడించినా కొండ లొంగలేదు. కానీ సరిహద్దులో ఉన్న రాజధానికి భద్రత లేదని తేలిపోయి, వేంకటపతిరాయలు 16వ శతాబ్ది చివరలో చంద్రగిరికి మారిపోయాడు. 17వ శతాబ్ది మధ్యలో కోట బిజాపూరు వశమైంది. ఆపైన మరాఠాలు, హైదర్, టిప్పు, నిజాం చేతులు మారి, 1800లో మిగిలిన దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి దక్కింది.

నిలిచి ఉన్న కట్టడాలు

గగన్ మహల్ రాజనివాసం. పైన విమానం, లోపల కమాను వాకిళ్లు కనిపించే ఈ మహలు విజయనగర కాలపు లౌకిక కట్టడాల్లో నిలిచి ఉన్న కొద్దిపాటి వాటిలో ఒకటి. హంపీలో రాజుల మహళ్లకు పునాదులే మిగిలాయి కాబట్టి, ఆ రాజులు ఎలాంటి ఇంట్లో ఉండేవారో తెలుసుకోవాలంటే పెనుకొండకో చంద్రగిరికో రావాలి.

పక్కపక్కనే ఉన్న రామాలయం, శివాలయం ఊరికి పెద్ద ఆస్తి. రామాలయం గోడల మీద రామాయణ ఘట్టాలు, శివాలయం గోడల మీద శైవ గాథలు వరుసగా చెక్కి ఉంటాయి. గోడను పొడవునా చిన్న స్తంభాలతో గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక్కో సన్నివేశాన్ని నిలిపారు. చదువు రానివాడు కూడా ప్రదక్షిణం చేస్తూ కథంతా చూసి వెళ్లగలడు. రాతి పుస్తకం లాంటి ఆ గోడ మీద సున్నం పూసినా, రంగు పూసినా ఒక పుట చెరిగిపోయినట్టే.

జైనులకు ఢిల్లీ, కొల్హాపురం, జినకంచిలతో పాటు పెనుకొండ నాలుగో విద్యాస్థానం. పార్శ్వనాథ బసది ఇప్పటికీ పూజలందుకుంటోంది. బాబయ్య దర్గాగా పేరుపడిన బాబా ఫకృద్దీన్ దర్గాకు ఉరుసు రోజుల్లో ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల నుంచి మతభేదం లేకుండా జనం వస్తారు. తిరుచిరాపల్లి గురువు నథర్ వలీ ఇచ్చిన పుల్ల ఏ ఊళ్లో చిగురిస్తే అక్కడ నిలవమన్నాడనీ, అది ఇక్కడ చిగురించిందనీ కథ. షేర్ ఖాన్ మసీదు, కోట ఎర్రమంచి వాకిలి దగ్గరున్న దాదాపు 11 అడుగుల ఆంజనేయుడు, రామబురుజు, కొండ మీది నరసింహస్వామి గుడి కూడా చూడదగినవి. ఇన్ని మతాల కట్టడాలు ఒకే కోట ఆవరణలో జీవంతో ఉండటమే పెనుకొండ ప్రత్యేకత. పరిరక్షణ ప్రణాళిక ఏదైనా దీన్ని గుర్తించి మొదలుకావాలి.

1388 నాటి కాలువ శాసనం

పెనుకొండ నీటి చరిత్రకు అతి ముఖ్యమైన ఆధారం ఊళ్లో లేదు. పొరుగున కర్ణాటకలోని గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది. ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ పదో సంపుటంలో అచ్చయిన ఆ శాసనం క్రీ.శ. 1388 నాటిది. రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండ పట్టణంలో ఉండి, జలసూత్రం తెలిసిన సింగాయ భట్టును పిలిపించి, హెన్నె నదిని పెనుకొండకు తేవాలని ఆజ్ఞాపించాడు. హెన్నె అంటే పెన్న. సింగాయ భట్టు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, ఈ శాసనం రాయించాడు.

ఈ కొద్ది పంక్తుల్లో పట్టించుకోవలసిన విషయాలు చాలా ఉన్నాయి. ఒక నదీ పరీవాహకంలోని నీటిని మరో పట్టణానికి మళ్లించవచ్చన్న ఆలోచన ఆరు శతాబ్దాల కిందటే ఉంది. నేల వాలు కొలిచి కాలువ గీయగల ఇంజనీరు ఉన్నాడు. ఆయన పేరును రాజు పేరుతో పాటు రాతి మీద చెక్కారు. మన శాసనాల్లో దాతల పేర్లు కోకొల్లలు, పని చేసినవాడి పేరు దొరకడం అరుదు. సింగాయ భట్టు పేరు నీటిపారుదల చరిత్ర చదివేవారికి తెలుసు కానీ పెనుకొండ వీధుల్లో ఎవరికీ తెలియదు. ఒక కూడలికో, ఒక బడికో ఆ పేరు పెట్టదగ్గవాడు ఆయన.

కాలువలు, చెరువుల బాగోగులకు ఏర్పాటు కూడా ఉండేది. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చూసేవారికి ఆయకట్టు భూమిలో కొంత భాగాన్ని దశబంధం పేరుతో ఇనాముగా ఇచ్చేవారు. దత్తమండలాల్లో ఈ పద్ధతి బ్రిటిషు కాలం దాకా నడిచింది. ఊళ్లో నీరుగంటి తూము ఎత్తి దించేవాడు, ఎవరి మడికి ఎంతసేపో చూసేవాడు. వాన కురిసిన రాత్రి మరువ (అలుగు) పారుతుందో లేదో చూడటమూ అతని పనే. ఇనాములు పోయి, నీరుగంట్లు పోయి, చెరువు సర్కారుదైంది. దాంతో పూడిక తీయడం, కట్ట మీద కంప కొట్టడం ఎవరి పనీ కాకుండా పోయింది. బోర్లు వచ్చాక చెరువు అవసరం కంటికి కనిపించకుండా పోవడం ఇంకో కారణం.

చరిత్రను రాసి పెట్టినవారు

దత్తమండలాలకు స్థానిక చరిత్ర లిఖితరూపంలో దక్కడానికి కల్నల్ కాలిన్ మెకంజీ మూలం. 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఆయన తరఫున కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరి కవిలెలు, గుడి శాసనాలు, పెద్దల నోటి మాటలు రాసుకున్నారు. అవే కైఫీయత్తులు. ఆ కాగితాలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించి బైండు చేయించాడు. అనంతపురం పాలెగాళ్లైన హండే వంశం చరిత్రను ఆయనే ‘రాజుల యుద్ధములు’ పేరుతో 1853లో ప్రకటించాడు. రాజధాని కవులు రాసింది కాక, సీమలో ఉన్నవాళ్లు తమ ఊరి గురించి తాము వాడుక తెలుగులో రాసుకున్న చరిత్ర అది. దాని విలువ ఇప్పటికీ తక్కువగానే గుర్తించాం.

తరువాత డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1905లో అనంతపురం జిల్లా గెజెటీరు రాశాడు. అనంతపురం నుంచి పప్పూరు రామాచార్యులు నడిపిన ‘శ్రీ సాధన పత్రిక’ స్వాతంత్ర్యోద్యమ కాలపు సీమ జీవితానికి అద్దం. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో ఈ కరువు నేల బతుకును కావ్యం చేశారు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. అనంతపురం సీమ కైఫీయత్తులకు కూడా అంత శ్రద్ధగా సంపుటాలు రావాలి.

చట్టాలు, వాటి పరిధి

కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 చట్టం, రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వర్తిస్తాయి. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. గుడి నిర్వహణ దేవాదాయ శాఖ చేతిలో, మసీదు, దర్గా వక్ఫ్ బోర్డు చేతిలో, చెరువు జలవనరుల శాఖ చేతిలో, కొండ అటవీ లేదా రెవెన్యూ శాఖ చేతిలో ఉంటాయి. కోటగోడ పక్కన పిచ్చిచెట్టు మొలిస్తే తీయించవలసింది ఎవరన్న దగ్గరే పని ఆగిపోతుంది. హంపీ 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ అన్ని శాఖలనూ ఒక తాటి మీదికి తేవడానికి కర్ణాటక ప్రత్యేక ప్రాధికార సంస్థను చట్టం ద్వారా పెట్టింది. హంపీ తరువాతి రాజధానికి అలాంటిది లేదు.

పాడవుతున్న తీరు

మొదటి శత్రువు గుప్తనిధుల వేట. ఖజానా తరలివచ్చిన ఊరన్న కథే పెనుకొండకు శాపమైంది. విగ్రహం కింద, ధ్వజస్తంభం మొదట్లో, బురుజు పునాదిలో తవ్వకాలు రాయలసీమ కోటలన్నిటికీ పట్టిన చీడ. 1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం భూమిలో దొరికిన పాత సొత్తును ప్రభుత్వానికి తెలియజేయకపోవడం నేరం. తవ్వినవాడికి చాలాసార్లు ఏమీ దొరకదు. పోయిన విగ్రహం మాత్రం తిరిగి రాదు.

రెండోది భక్తితో చేసే హాని. జీర్ణోద్ధరణ పేరుతో పాత గచ్చు చెక్కేసి సిమెంటు పూస్తారు. పాతకాలపు సున్నం గారలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి నానబెట్టేవారు. ఆ గార గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు చెమ్మను లోపలే బంధిస్తుంది. లవణాలు రాతి పైకి పొంగి, ఏళ్లు గడిచేకొద్దీ శిల్పం పొరలు పొరలుగా రాలిపోతుంది. స్తంభాలకు ఎనామిల్ రంగులు వేయడం, నున్నగా కనబడాలని ఇసుకను యంత్రంతో కొట్టి రాళ్లు కడగడం ఇంకా ప్రమాదం. శాసనం అక్షరాల లోతు కొన్ని మిల్లీమీటర్లే. ఒక్కసారి ఇసుక కొడితే ఆరు వందల ఏళ్ల రాత చదవడానికి వీలు లేకుండా పోతుంది.

మూడోది నిర్లక్ష్యం, అందునా నీటి కట్టడాల విషయంలో. కోనేటి మెట్ల మీద చెత్త, చెరువు లోపల ఆక్రమణ, రాతి తూము పీకి పెట్టిన కాంక్రీటు గేటు సీమలో ఎక్కడైనా కనిపిస్తాయి.

చుట్టుపక్కల పాఠాలు

హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల కట్టడం. చిత్రాలతో నిండిన మంటపం కప్పు, ఒకే రాతిలో మలిచిన నంది దాని ఖ్యాతికి కారణం. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. నొళంబ పల్లవుల రాజధాని హేమావతిది వేరే కథ. అక్కడి శిల్పాలు చాలావరకు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. అంతకు ముందు చోళులు తీసుకుపోయిన నొళంబ స్తంభాలు తిరువయ్యారు గుడిలో కనిపిస్తాయి. ఊళ్లో మిగిలినది చూసి తలపోసుకోవలసిందే.  

నీటి కట్టడాల విషయంలో పాఠం కడప జిల్లా నుంచి రావాలి. 1369 శాసనం ఉన్న పోరుమామిళ్ల చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలను వరుసగా చెప్పిన శాసనం అది. ఇంకో పాఠం దూరం నుంచి. ఫ్రాన్సులో సెంటెమిలియన్ అనే ద్రాక్షసారా సీమ 1999లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ రక్షణ చర్చికి, కోటకు మాత్రమే కాదు, చుట్టూ ఉన్న తోటలకు, పల్లెలకు కలిపి ఇచ్చారు. ఊరిని బతికించిన సేద్యం కూడా వారసత్వమే అన్న గుర్తింపు అది. పెనుకొండ సీమలో ఆ స్థానం చెరువులది, కాలువలది.

కార్ల కర్మాగారం తరువాత

2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదట్లో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం దానిది. హంద్రీ–నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి వచ్చిన కృష్ణా జలాలు దానికి ఆధారం. 1388లో పెన్నను తెమ్మన్న ఊరికి ఇప్పుడు శ్రీశైలం నుంచి ఎత్తిపోతలతో నీరు వస్తోంది. వలసలు పోయే ప్రాంతానికి ఉద్యోగాలు రావడం మేలే. దాంతో పాటు భూముల ధరలు పెరిగాయి, వెంచర్లు వెలిశాయి, పాత ఇళ్లు కూల్చి అంతస్తులు లేపుతున్నారు. కోటగోడ రాళ్లు పునాదుల్లో చేరే ప్రమాదం ఇప్పుడే ఎక్కువ. నగర పంచాయతీ అనుమతుల పటంలో కోటగోడ రేఖను, కోనేర్లను, చెరువు శిఖాన్ని (నీరు నిలిచే నేలను) గీసి పెట్టుకుంటే చాలా నష్టం ఆగుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. పొలంలోనో, చెరువుకట్ట మీదో, తూము పక్కనో అక్షరాలున్న రాయి కనిపిస్తే దానికి రంగు వేయకండి, పసుపు కుంకుమలు పూయకండి, ఆమ్లం పోసి కడగకండి, చోటు మార్చకండి. పక్క నుంచి ఎండ పడే వేళ, పొద్దున్నో సాయంత్రమో, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి, ఊరి పేరు, సర్వే నంబరు రాసి, రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి గానీ పంపండి. ఇంట్లో తాతల నాటి కరణం లెక్కలు, దశబంధం కాగితాలు, రాగిరేకులు ఉంటే చెదలు పట్టకముందే వాటికీ నకళ్లు తీయించండి.